అడ్డచెక్కలు

పుల్లయ్య తన తండ్రి ముక్కును మూడోసారి చెక్కించాడు.

బతికున్న రోజుల్లో పెద్దాయనది చప్పిడి ముక్కు. ఆళ్లగడ్డ సంతలో అడిగినా, నంద్యాల బజారులో అడిగినా ఎవరైనా ఆ మాటే చెబుతారు. ఆళ్లగడ్డలో షెడ్డున్న శిల్పి గురుస్వామి ఫోటో చూసి ఉన్నది ఉన్నట్టే చెక్కాడు. కొడుక్కి నచ్చలేదు. రాతిలో ముక్కు లేవాలంటే కొత్తగా తెచ్చి అతికించేదేమీ ఉండదు, చుట్టూ ఉన్న చెంపలు తియ్యాలి. గురుస్వామి చెంపలు తీశాడు. చాల్లేదన్నాడు పుల్లయ్య. మళ్లీ తీశాడు. ఆ సోమవారం మూడో విడత అయ్యేసరికి ముక్కయితే లేచింది గాని పెద్దాయన ముఖం పీక్కుపోయింది. చుట్టుపక్కల పది పల్లెల పంట తిన్న మనిషి పస్తులున్నట్టు తయారయ్యాడు.

"ఇప్పుడు మా నాయన మాదిరుండాడప్పా," అన్నాడు పుల్లయ్య. వెంట వచ్చిన నలుగురూ అవునవునన్నారు. వాళ్లలో ముగ్గురు పెద్దాయన చేత చెంపదెబ్బలు తిన్నవాళ్లే.

షెడ్డు బయట జీపుకు ఆనుకుని నిలబడిన డ్రైవరు యేసురత్నానికి ఆ అవునవునలు విని రోత పుట్టింది. నోట్లోని వక్కపలుకు పక్కకు ఉమ్మేసి, భుజం మీది గుడ్డతో జీపు మడ్‌గార్డు మీద పడిన రాతిపొడి తుడిచాడు. ఆ షెడ్డు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు, బండి తెల్లబడిపోతుంది. తుడిచిన చోటనే మళ్లీ తుడిచాడు.

ఆ జీపు ఈ దేశంది కాదు. ఎవరో విదేశీ దొరలు మద్రాసులో వాడి వదిలేస్తే, రెండేళ్ల కిందట ఎనభయ్యో సంవత్సరంలో పుల్లయ్య వేలంలో పాడి తెచ్చాడు. స్టీరింగు ఎడమవైపుంటుంది. క్లచ్చు లేదు. గేర్లు తనంతట తానే మార్చుకుంటుంది. నాలుగు చక్రాలూ ఎప్పుడూ కలిసే లాగుతాయి. నంద్యాల బస్టాండు ముందు దాన్ని నిలబెట్టి, ఇంజను ఆపకుండా అరగంట సేపు మాట్లాడటం పుల్లయ్యకు అలవాటు. ఇరవై ఏళ్లు లారీలు తోలిన యేసురత్నం మొదట్లో దాన్ని చూసి, కాలికి పనిలేని బండి కూడా బండేనా అనుకున్నాడు. రాను రాను దాని మీద మనసు పడింది. వారానికోసారి బానెట్టు ఎత్తి, గేరుపెట్టెలోని ఎర్ర నూనెను కొలత ఊచతో తీసి వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, మళ్లీ మూసేవాడు. ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు.

"బొమ్మా, దిమ్మె రెండూ కలిసి ఎంత తూగుతాయి?" అని పుల్లయ్య అడిగాడు.

"మూడు టన్నులకు తగ్గదు సామీ," అన్నాడు గురుస్వామి. "ట్రాలీ బరువు వేరే."

"బుధవారం పొద్దున ముహూర్తం. మన జీపు లాక్కపోతాది."

యేసురత్నం గుడ్డ భుజాన వేసుకుని రెండడుగులు ముందుకొచ్చాడు. "సామీ, అంత బరువు దీనికొద్దు. మన పల్లెకు పోవల్లంటే రుద్రవరం దోవలో వంక, ఆ ఎండిన వాగు, దిగి ఎక్కల్ల. ట్రాక్టరు పెడదాం. ట్రాక్టరైతే నిమ్మళంగా లాగుతాది."

"ట్రాక్టరు ఎవని కాడ లేదురా? మా నాయన ట్రాక్టరెనక పోతాడా, ఎరువు మాదిరి?" పుల్లయ్య నవ్వాడు. నలుగురూ నవ్వారు. "నాలుగు చక్రాలు లాగే బండి. అదేమన్నా అలిసిపోతాదా?"

"అలిసిపోతాది సామీ. దీని గేరుపెట్టె నూనె మీద నడుస్తాది. బరువెక్కువైతే నూనె ఉడుకుతాది. మధ్యలో ఆపి ఆరనియ్యల్ల."

"ఆపేదే లేదు," అన్నాడు పుల్లయ్య.

అది అతను ఆ షెడ్డులోనే నేర్చుకున్న మాట. కిందటేడు ఒక గుడికి పోయే మూలవిరాట్టు ఇక్కడి నుంచే కదిలింది. శిల్పుల ఆచారం ఒకటుంది. దేవుడి విగ్రహానికి కళ్లు తెరిచి, కొబ్బరికాయ కొట్టి కదిలించాక, గుడి వాకిట్లోనే దించాలి. దారిలో ఆపకూడదు, చక్రానికి అడ్డం పెట్టకూడదు. అది చూసిన పుల్లయ్యకు, తన తండ్రికి కూడా అట్లాగే జరగాలని బుద్ధి పుట్టింది.

"అది దేవునికి సామీ," అన్నాడు గురుస్వామి మెల్లగా. "మనుషుల బొమ్మలకు మాకు ఆ పట్టింపు లేదు. యాడన్నా ఆపుకోవచ్చు, నీళ్లు తాగచ్చు."

"మాకు మా నాయనే దేవుడు."

ముప్పై ఏళ్లుగా దేవుళ్లను చెక్కుతున్న గురుస్వామి తల వంచుకుని ఉలి మొన తుడుచుకున్నాడు. ఆ తుడవడం చూసి యేసురత్నానికి ఇంకా రోత పుట్టింది. ఇంత పనితనం ఉన్నవాడు కూడా వీడి ముందు ఇంతేనా అనుకున్నాడు.

షెడ్డు వెనక పౌలు ట్రాలీ చక్రాలకు గ్రీజు పెడుతున్నాడు. గురుస్వామి దగ్గర రాళ్లు కదిలించే పని అతనిది. ముప్పై ఐదేళ్లుంటాయి. బండతో ఎట్లా మాట్లాడాలో అతనికి తెలుసని షెడ్డులో అంటారు. అతని ఆస్తి రెండు తుమ్మ చెక్కలు. ఒకవైపు మందం, ఒకవైపు పలచన. ఒక్కోదానికి బారెడు తాడు. బరువు బండి కదిలితే పౌలు చక్రం పక్కనే నడుస్తూ, తాడు పట్టుకుని చెక్కలను వెంట ఈడ్చుకొస్తాడు. బండి వెనక్కి జారితే తాడు వదిలితే చాలు, చెక్క దానంతటది చక్రం కిందికి పోయి పడుతుంది. చెయ్యి గాని కాలు గాని లోపలికి పెట్టాల్సిన పని లేదు.

"ఇవి ఉన్నన్ని దినాలు భయం లేదన్నా," అన్నాడు పౌలు, చెక్కల్ని చేత్తో తట్టి. "నువ్వు తోలు. ఎనక నేనుంటా."

*

మంగళవారం సాయంత్రం నంద్యాలలో, తన ఇంటి ముందర అరుగు మీద యేసురత్నం జీపు పుస్తకం తెచ్చి భార్య ముందు పెట్టాడు. లూదియా పిల్లల బడిలో టీచరమ్మ. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో చదువుకుంది కాబట్టి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు. చేటలో బియ్యం ఏరుతూనే ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది.

"రెండు టన్నులకు మించి లాగొద్దంట. ఎనక తగిలించే బండికి సొంత బ్రేకు లేకుంటే దాంట్లో సగమే అంట."

"ట్రాలీకి బ్రేకు యాడుంటాది?"

"దిగుడులో, ఎక్కుడులో గేరు పుల్లను ఒకటి మీద పెట్టల్లంట. మాడు వాసనొస్తే ఆపి, గేరు తీసేసి, ఇంజను మటుకు తిరగనియ్యల్లంట. అరగంట." లూదియా రాయి ఒకటి ఏరి అవతల పారేసింది. "లేకుంటే బండి లాగేది మానేస్తాదంట. ఉన్నట్టుండి."

యేసురత్నం పుస్తకం మూసి, "వంక గట్టు మీద ఆపుతా. అరగంట ఆరనిచ్చి దిగుతా," అన్నాడు.

"ఆయప్ప ఆపొద్దంటే?"

"స్టీరింగు నా చేతిలో కదా ఉండేది. ఆయప్ప చేతిలోనా?"

"ఆపుతావా?"

"ఆపుతా అంటాండా కదా."

లూదియా అతని ముఖంలోకి ఒకసారి చూసి చేట ఎత్తింది.

*

బుధవారం పొద్దున షెడ్డు ముందు మేళం వాయించారు. గొలుసు కప్పీతో పెద్దాయనను ట్రాలీలో వెల్లకిలా పడుకోబెట్టి, కింద వరిగడ్డి పరిచి, ముక్కు చుట్టూ ప్రత్యేకంగా దూది చుట్టారు. పక్కన దిమ్మె. మూడు టన్నులన్న గురుస్వామి మాట తక్కువే గాని ఎక్కువ కాదు, ట్రాలీ టైర్లు కిందికి నొక్కుకుపోయి ఉన్నాయి. యేసురత్నం కొక్కెం తగిలించి, మేకు దించి, దానికి ఇంకో తీగ చుట్టాడు. జీపు వెనక భాగం జానెడు కుంగింది. ముందు చక్రాలు నేల మీద తేలికగా ఆనుతున్నాయి. అది అతనికి అస్సలు నచ్చలేదు.

కొబ్బరికాయ కొట్టారు. పౌలు చెక్కల తాళ్లు రెండు చేతులకూ చుట్టుకుని ట్రాలీ కుడిచక్రం దగ్గర నిలబడ్డాడు. పుల్లయ్య వచ్చి చూశాడు.

"అవేందిరా?"

"అడ్డచెక్కలు సామీ."

"అడ్డం పెట్టకూడదని చెప్తి కదా. ఎనక చెక్కలీడ్చుకుంటా వస్తే జనం ఏమంటారు? మా నాయన మధ్యలో ఆగిపోతాడని నువ్వే నోరు తెరిచి చెప్పినట్టుండ్లా? తియ్యి."

"పెట్టను సామీ, ఊరికే చేతిలో..."

పుల్లయ్య తానే వాటిని లాక్కున్నాడు. జీపు తలుపు తీసి, డ్రైవరు సీటు వెనక పడేశాడు. చెక్కలు దబ్బున ఇనుము మీద పడిన చప్పుడు యేసురత్నం వీపుకు తగిలింది. అతను తల తిప్పి పౌలు వైపు చూశాడు. పౌలు ఖాళీ చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. పుల్లయ్య కుడిపక్క సీట్లో కూర్చుని, కండువా సర్దుకుని, "పోనీ," అన్నాడు.

గురుస్వామి, పౌలు ట్రాలీ అంచు మీద ఎక్కి కూర్చున్నారు. జీపు కదిలింది. ఒప్పుకోవాలి, అది బాగానే లాగింది. మట్టి రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలూ పట్టు దొరకబుచ్చుకుని, ఇంజను ఒక స్థాయిలో మూలుగుతూ నడిచింది. దారి పక్క పల్లెల్లో జనం బయటికొచ్చి చూశారు. పుల్లయ్య కిటికీలోంచి చెయ్యి ఊపాడు. "సూస్తివా? ట్రాక్టరంటివి," అన్నాడు రెండుసార్లు. అతని సెంటు వాసన, పొద్దున తిన్న ఎల్లిపాయ కారం వాసన, ఎండ కలిసి లోపల ఊపిరాడకుండా ఉంది. యేసురత్నం ముక్కుతో ఇంకో వాసన కోసం వెతుకుతున్నాడు.

ఎనిమిది మైళ్లు దాటాక అది వచ్చింది. మొదట సన్నగా, తర్వాత మాడిన చక్కెర మాదిరి.

వంక గట్టు కనబడింది. అవతలి గట్టు నిటారుగా ఉంది. మధ్యలో ఇసక, గులకరాళ్లు. యేసురత్నం కాలు తీసి బండిని నెమ్మది చేశాడు. చెయ్యి పుల్ల మీద పెట్టాడు.

"ఏం?" అన్నాడు పుల్లయ్య.

"నూనె మాడతాంది సామీ. అరగంట."

"మేళం ఎనకనే వస్తాంది. అవతల గట్టు మీద మనవాళ్లు దండలు పట్టుకోని నిలబడినారు. కనపడతాండారా? వాళ్ల ముందర ఆపుతావా నువ్వు?"

"అరగంట సామీ. ల్యాకుంటే ఎక్కదు."

పుల్లయ్య గొంతు పెంచలేదు. "ఆపు రత్నం. ఆపి, తాళం చెవి దానికే పెట్టి దిగిపో. తోలేటోడు ఇంకొకడు వస్తాడు."

యేసురత్నం అవతలి గట్టు చూశాడు. ఇంకొకడు వచ్చి ఈ బండి సీట్లో కూర్చోవడం, ఈ పుల్ల పట్టుకోవడం కంటి ముందు కనబడింది. తనకు అంత బాధ ఎందుకు కలిగిందో అప్పుడు ఆలోచించలేదు. పుల్లను ఒకటి మీదికి తెచ్చాడు. ఆపలేదు.

పౌలు ట్రాలీ దిగి కుడిచక్రం పక్కన నడిచాడు. దిగుడులో ట్రాలీ వెనక నుంచి నెట్టింది. బ్రేకు మీద రెండు కాళ్లూ పెట్టాల్సొచ్చింది. ఇసకలో ఊగుతూ దాటింది. ఎక్కుడు మొదలైంది. సగం దాకా ఇంజను అరిచింది, చక్రాలు తిరిగాయి. ఆ తర్వాత ఇంజను అరుస్తూనే ఉంది గాని చక్రాలు తిరగలేదు. యేసురత్నం పెడలు అదిమాడు. చప్పుడు పెరిగింది, బండి కదలలేదు. ఒక్క క్షణం అట్లా నిలబడి, మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి నడిచింది. బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు ఇసక మీద జారాయి. ఎడమపక్క కూర్చున్న అతనికి అద్దంలో ట్రాలీ ఎడమచక్రం ఒక్కటే కనబడుతోంది. కుడిచక్రం దగ్గర పౌలున్నాడు.

దబ్బుమని ఒక చప్పుడు వచ్చి, అంతా ఆగిపోయింది. పౌలు అరుపు వినబడిందో, ఇంజను చప్పుడే అట్లా వినబడిందో తెలియలేదు.

పుల్లయ్య తలుపు తోసుకుని దూకాడు. పంచె ఎగ్గట్టుకుని ట్రాలీ ఎక్కాడు. మేళం వాళ్లు, దండల వాళ్లు, ఆ నలుగురూ అందరూ ట్రాలీ మీద పడ్డారు. "నాయనా, నాయనా," అంటూ పుల్లయ్య గడ్డి పీకి, దూది పీకి, ముక్కును చేతులతో తడిమాడు. "బాగుంది, ముక్కు బాగుంది!" అని అరిచాడు. జనం అమ్మయ్య అన్నారు. ఎవడో మేళగాడు డోలు మీద రెండు దెబ్బలు కూడా వేశాడు. యేసురత్నం దిగి వంగాడు. గేరుపెట్టె కింద నుంచి నూనె ధారగా కారుతోంది. ఎరుపు కాదు, నల్లగా. వేలికి తీసి చూస్తే చురుక్కుమంది.

అప్పుడు కుడివైపు నుంచి గురుస్వామి కేక వినబడింది. "రాండప్పా! మనిషి కింద పడిపాయె, రాండి!"

చెక్కలు లేని పౌలు వంకలోని గుండురాయి ఒకటి రెండు చేతులా ఎత్తి చక్రం వెనక వేశాడు. అది దొర్లబోతే కాలితో అదిమి పట్టాడు. గుండూ, కాలూ కలిసి మూడు టన్నుల్ని ఆపాయి. అందుకే పెద్దాయన ముక్కు బాగుంది.

గడ్డపారలు వేసి చక్రం లేపడానికి చాలాసేపు పట్టింది. పౌలు అరవలేదు. పళ్లు బిగించి గురుస్వామి పంచె పట్టుకున్నాడు. యేసురత్నం తన గుడ్డ తీసి కాలికి చుట్టబోతే, అది అంతా రాతిపొడి, నూనె. పుల్లయ్య ట్రాలీ మీద నుంచే, "తొందరగా బండి కట్టి ఆళ్లగడ్డకు తీస్కపోండి," అన్నాడు. పక్క చేలోని రైతు ఎద్దులబండి కట్టాడు. యేసురత్నం కూడా ఎక్కబోయాడు.

"నువ్వు యాడికి? బండి కాడ ఉండు," అన్నాడు పుల్లయ్య.

యేసురత్నం బండి కాడ ఉండిపోయాడు. గురుస్వామి ఒక్కడే పోయాడు.

గంటన్నర తర్వాత ఒక పాత ట్రాక్టరు వచ్చింది. అంతసేపూ పెద్దాయన వంకలోనే ఎండలో పడుకుని ఉన్నాడు. ఆగకూడదన్న ఆచారం సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్రాక్టరు నల్లగా పొగ వదులుతూ, తొందర లేకుండా, పది నిమిషాల్లో పెద్దాయనను గట్టెక్కించింది. అవతల దండలు వేశారు.

*

గురువారం పల్లెలో విగ్రహం నిలబెట్టి, ఉపన్యాసాలిచ్చి, భోజనాలు పెట్టారు. యేసురత్నం ఆ రోజంతా వంకలోనే జీపు కింద పడుకుని, గేరుపెట్టెకూ చక్రాలకూ మధ్యనున్న ఇనుప రాడ్లు ముందువి, వెనకవి విప్పాడు. అవి ఉంటే బండిని మోకు కట్టి లాగడానికి వీలుకాదు. ముఖం మీద కారిన నూనె తుడుచుకోవడానికి గుడ్డ కోసం సీటు వెనక చెయ్యి పెడితే చెక్కలు తగిలాయి. తాళ్లు చక్కగా చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. చాలాసేపు వాటిని పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం అదే ట్రాక్టరు జీపును నంద్యాలకు లాక్కుపోయింది. చచ్చిన బండిలో స్టీరింగు పట్టుకుని కూర్చున్న యేసురత్నాన్ని చూసి దారి పక్క పిల్లలు నవ్వారు.

ఆళ్లగడ్డలో కాదని పౌలును పంపిన నంద్యాల ఆసుపత్రికి శుక్రవారం పోయాడు. మగవాళ్ల వార్డులో చివరి మంచం. పౌలు కుడికాలు మడమ పైన ఆగిపోయి ఉంది. తెల్లటి కట్టు, దాని మీద వాలబోయే ఈగలు. యేసురత్నం అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాడు. కూర్చోగానే రెండు రోజులుగా కడుపులో కుళ్లుతున్నదంతా బయటికొచ్చింది.

"మనిషేనా వాడు? కాలు చక్రం కిందుంటే ముక్కు తడుముకున్నాడు పౌలూ. రాతి ముక్కు! దానికి దూది. నాయనా నాయనా అని ఏడుపు. మంచాన పడినాక ఆ నాయనను వెనక దొడ్లో పండబెట్టి గంజి పోసినోడు. వాని వెంట ఉండే ఆ నా కొడుకులు, డోలు గూడ కొట్టినారు, డోలు! మనుషులు పుట్టల్సిన కడుపున పుట్టలేదు వీళ్లు. ఒక్కడు, ఒక్కడన్నా నీ దిక్కు తిరిగి సూసినాడా?"

పౌలు కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత తెరిచాడు.

"నువ్వు గూడా బండి కిందికే సూస్తివన్నా," అన్నాడు.

యేసురత్నం చేతిలో అట్టముక్క ఆగింది.

"నేను పడినచోట నుంచి నీ ముఖం కనపడ్తాండె. నాకూ నీకూ మధ్యన రెండు చక్రాలే. యేసురత్నమన్న వస్తాండాడులే అనుకుంటి. నువ్వు నూనె వేలికి తీసి సూస్తివి." పౌలు గొంతులో కోపం లేదు, అదే ఓర్చుకోలేనట్టుంది. "తప్పనడం లేదన్నా. ఎవరికేది ఉంటే వాళ్లు అదే సూసుకుంటారు."

పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు. యేసురత్నం తన వేళ్ల వైపు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో నల్లనూనె ఇంకా పోలేదు. అందరి మీదా పుట్టిన రోత ఇప్పుడు తన వేళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. లేచి బయటికి పోయి ఆ చెయ్యి కొళాయి కింద రుద్దుకోవాలనిపించింది. రుద్దినా పోయేది కాదని తెలిసి కూర్చున్నాడు.

"ఇంగొకటన్నా," అన్నాడు పౌలు కాసేపటికి. "నేను తాగి ఉంటినని కాగితం రాసినారంట. పుల్లయ్య గుమాస్తా వచ్చి గురుస్వామికి చెప్పిపాయె. తాగి చక్రం కింద పడినానంట. నువ్వు సంతకం పెడ్తావంట గదా?"

"ఎవరు చెప్పినారు పెడ్తానని?"

"పెట్టకుంటే కేసు నీ మీదికే వస్తాదంట. తోలినోనివి నువ్వే కాబట్టి." పౌలు పైకప్పు చూశాడు. "తాగి ఏడేండ్లాయె. చర్చిలో సంఘం ముందర నిలబడి, తాగేవాన్ని, ఇంగ తాగనని ఒప్పుకున్నోన్ని. ఆ పొద్దు ఆడోళ్ల పక్కన మా యమ్మ కూర్చోనుండె. ఇప్పుడు మళ్లా నిలబడమంటారు. ఒంటి కాలితో నిలబడల్ల." నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. "కాలు పాయె, పోనీ. తాగుబోతోన్ని మాత్రం కాదన్నా."

యేసురత్నం అట్టముక్క మళ్లీ ఊపాడు. పౌలు నిద్రపోయేదాకా విసిరాడు.

ఇంటికి పోయాక లూదియా అన్నం పెట్టి, "ఆపినావా?" అని అడగలేదు. బుధవారం నుంచి ఆమె ఆ మాట అడగనే లేదు. అతను ముద్ద కలిపి, కలిపింది కలిపినట్టే కంచంలో వదిలేశాడు.

"సంతకం పెట్టకుంటే లైసెన్సు పోతాది," అన్నాడు కంచంలోకి చూస్తూ. "జైలు గూడ పడచ్చు."

"పెడితే?"

లూదియా మజ్జిగ పోసి, "నేను జీతమొచ్చే మనిషినే కదా," అని లోపలికి పోయింది.

*

శనివారం పది గంటలకు నంద్యాలలోని పుల్లయ్య ఇంటి వరండాలో హెడ్డు కానిస్టేబుల్ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. వాకిట్లో బానెట్టు ఎత్తిన జీపు ఉంది. పుల్లయ్య ఉయ్యాల బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. గుమాస్తా రాసి ఉంచిన కాగితం స్టూలు మీద, గాలికి ఎగరకుండా వక్కల డబ్బా కింద ఉంది.

"రారా రత్నం. మద్రాసుకు మనిషిని పంపినా. కొత్త గేరుపెట్టె వస్తాది. నెలలో మళ్లా నువ్వే తోలతావ్," అన్నాడు పుల్లయ్య. "ఆడ ఒక సంతకం పెట్టు. హెడ్డుగారికి పనుంది."

యేసురత్నం కాగితం తీసి చదివాడు. సహాయకుడు పౌలు అనువాడు మద్యం సేవించి యున్నందున, డ్రైవరు ఎంత వారించినా వినక చక్రము కింద కాలు పెట్టినాడని ఉంది. తను వారించాడట. ఎంత మంచివాణ్ణి చేశారో చూసుకున్నాడు. చదువుతుంటే పెద్దాయన ముక్కు గుర్తొచ్చింది.

కాగితం మళ్లీ డబ్బా కింద పెట్టాడు. చంకలోంచి గుడ్డ మూట తీసి, విప్పి, రెండు తుమ్మ చెక్కలు స్టూలు మీద పెట్టాడు.

"ఇవేంది?" అన్నాడు హెడ్డు.

"చక్రం కిందేసే అడ్డచెక్కలు సార్. ఇవి పౌలు చేతిలో ఉండల్ల. అయ్య తీసి నా సీటెనకేసినాడు. నేను సూస్తాంటి. తీసి మళ్లా ఇయ్యలేదు."

ఉయ్యాల చప్పుడు ఆగింది. "రత్నం," అన్నాడు పుల్లయ్య.

"పౌలు తాగలేదు సార్. వేరే కాగితం ఇస్తే చెప్తా. నాకు రాయడం నిదానం, మీరే రాసుకోండి."

హెడ్డు పుల్లయ్య వైపు చూశాడు, యేసురత్నం వైపు చూశాడు. కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమప్పా, తెలిసే మాట్లాడతాండావా? పౌలు తప్పు లేదంటే తప్పు నీది. తోలినోడివి నువ్వు."

"తెలుసు సార్."

"ఏం మందు పెట్టినార్రా నీకు?" పుల్లయ్య లేచాడు. "నీ మీదనే నువ్వు కేసు పెట్టుకుంటావా? ఆ ఒంటికాలి నా కొడుకు కోసం?"

యేసురత్నం అతని వైపు తిరగలేదు. మాట మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టలేనని భయపడ్డవాడిలా, హెడ్డు చేతిలోని పెన్నునే చూస్తూ చెప్పాడు.

"బరువు ఎక్కువని నాకు ముందే తెలుసు. పుస్తకంలో ఉండాది, మా యామె చదివి చెప్పింది. వంక గట్టు మీద నూనె మాడిన వాసనొచ్చింది. ఆపాల్సిన చోటది. అయ్య ఆపొద్దన్నాడు. నేను ఆపలేదు. రెండూ రాయండి సార్. బ్రేకు నా కాలి కిందనే ఉండె. ఆపచ్చు. బండి పోతాదని, ఇంగొకడు తోలతాడని ఆపలేదు."

హెడ్డు రాశాడు. అతని చెయ్యి నిదానంగా నడిచింది. వాకిట్లో ఎండకు జీపు బానెట్టు టిక్కుటిక్కుమంటోంది. ఎన్నడూ లేనిది యేసురత్నం దాని వైపు చూడలేదు.

"ఇంతేనా?" అన్నాడు హెడ్డు.

"ఇంగొకటి సార్. బండి ఆగినాక దిగి, పడినోన్ని సూడకుండా బండి కిందికి సూసినా. ముందు నూనె సూసినా. తర్వాతనే మనిషిని సూసినా. అది గూడ రాయండి."

హెడ్డు తలెత్తాడు. "అది దేనికి? కేసుకు పనికొచ్చే మాట కాదది."

"కేసుకు కాదు సార్. ఈ కాగితం ఆసుపత్రిలో పౌలుకు చదివి వినిపియ్యల్ల."

పుల్లయ్య ఏదో అన్నాడు. హెడ్డు వినలేదో, వినిపించుకోలేదో గాని, పెన్ను దులిపి ఆ మాట కూడా రాసి, కాగితం ఇటు తిప్పాడు. యేసురత్నం వంగి, ఒక్కో అక్షరం విడివిడిగా, తన పేరు పూర్తిగా రాశాడు. జేబులోంచి జీపు తాళం చెవి తీసి, గుమాస్తా రాసిన కాగితం మీద పెట్టాడు.